వెలుగు నడవని రెక్క

బుధవారం పొద్దున్న నోరీన్ కాగితం మీద నాలుగు పనులు రాసుకుంది. ట్రక్కు టైరుకి గాలి కొట్టించాలి. పోయిన వారం కేసు రిపోర్టు తప్పుల్లేకుండా తిరగరాయాలి. పెద్దమ్మకి కాఫీపొడి కొనాలి. ఎర్నెస్టీన్ గారికి మతి పోయిందో లేదో తేల్చాలి.

నాలుగోది, ముందురోజు సాయంత్రం ఎర్నెస్టీన్ వచ్చి గుమ్మంలో నిలబడి పెద్దమ్మని అడిగిన మాటే. "హెన్రియెటా, మా ఇంట్లో అందరూ నాకు కళ్లూ మతీ రెండూ పోయాయంటున్నారు. నువ్వొచ్చి చూసి చెప్పు. నువ్వు కూడా పోయాయంటే ఒప్పుకుంటాను."

హెన్రియెటా లాసిలూ ఇరవై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఇప్పుడు తమ జూని తెగ ఊళ్లోనే సొంతంగా నేర పరిశోధనలు చేస్తోంది. నోరీన్ ఆమె చెల్లెలి కూతురు, ఆ ఇంట్లో మొదటి పట్టభద్రురాలు. పెద్దమ్మ దగ్గర నేర్చుకునేది ఏ కాలేజీలోనూ దొరకదని ఆమె నమ్మకం.

ఎర్నెస్టీన్ వెండిపని చేస్తుంది. భర్త అలోంజో ముత్యపు చిప్పలు కోసి, ఆమె చేసిన వెండి గళ్లలో పొదిగేవాడు. పోయిన చలికాలంలో చనిపోయాడు. పోయేముందు చివరగా కోసినవి తెల్ల గువ్వ పతకం రెక్కకి పదకొండు ఈకలు. ఆ గువ్వని ఎర్నెస్టీన్ ఒక్కతే పూర్తిచేసింది. శనివారం దగ్గరి పట్నం గాలప్‌లో నగల ప్రదర్శన. రెండు వారాల క్రితం పెట్టె తెరిచి చూసుకుంటే, అది తన గువ్వ కాదనిపించింది.

రాత్రి వాన పడింది. వాళ్లు వెళ్లేసరికి ఎర్నెస్టీన్ వాకిట్లో పెద్ద వంటగిన్నె నిండా నీళ్లు నిలిచి ఉన్నాయి. కుక్క వాసన చూసి, తాగకుండా వెళ్లిపోయింది.

"ముందు తినండి, తర్వాతే మాటలు," అంది ఎర్నెస్టీన్ చెల్లెలు కార్డీలియా. ఆ ఇంట్లోనే ఉంటూ తనూ వెండిపని చేస్తుంది, చిప్పలూ కాస్త కోస్తుంది, గాలప్‌కి తన పెట్టె కూడా సర్దుకుంది. మాంసమూ మొక్కజొన్నలూ వేసిన పులుసు రెండు చిన్న గిన్నెల్లో తెచ్చింది. "పెద్ద గిన్నెకి చిల్లు పడింది. రెండుసార్లు వండాల్సొచ్చింది, నా ప్రాణం పోయింది."

"ప్రాణం పోయినా ఉప్పు మాత్రం మర్చిపోలేదే," అంది హెన్రియెటా. అందరూ నవ్వారు, ఎర్నెస్టీన్ తప్ప.

తిన్నాక హెన్రియెటా గువ్వని అడిగి తీసుకుంది. వెనక ఎర్నెస్టీన్ పేరు చెక్కి ఉంది.

"వెండి నీదేనా అక్కా?"

"నాదే. నా సుత్తి దెబ్బ నాకు తెలీదా? ఈకలే ఆయనవి కావు. వెలుగు నడవడం లేదు."

"ఇదిగో, ఇలా మాట్లాడుతుంది," అంది కూతురు లవోన్, నీళ్లు నిండిన కళ్లతో. "వెలుగు నడవడమేంటమ్మా? కళ్లు మసకబారాయని పిన్ని పాపం రోజుకి మూడుసార్లు చుక్కల మందు వేస్తోంది."

కార్డీలియా గొంతు తగ్గించింది. "ఒకవేళ మారిస్తే విల్లిస్ మార్చాలి. బావ చేతిపని వాడికే తెలుసు. మామ చిప్పలు అరగదీసే సానచక్రం ఇవ్వలేదని అలిగి వెళ్లాడు కదా."

విల్లిస్ అలోంజో అక్క కొడుకు. కబురు పెడితే వచ్చాడు, కానీ గడప బయటే ఆగిపోయాడు.

"మామ పోయాక నేనీ గడప తొక్కలేదు," అన్నాడు.

"తొక్కకపోతే మానె," అంది హెన్రియెటా. "మీ మామ ఈకలు ఎలా కోసేవాడో చెప్పు."

"అన్నీ ఒకే చిప్పలోంచి, ఒకే వాటంగా. చేతిలో పట్టుకుని తిప్పితే వెలుగు భుజం దగ్గర మొదలై ఈక చివరిదాకా నడిచిపోవాలి. బల్లమీద పెట్టి చూస్తే ఏమీ తెలీదు."

ఎర్నెస్టీన్ తల ఎత్తి అతనికేసి చూసింది. రెండు వారాల్లో ఆమె మాట ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి.

"అతికిన ఈకలు ఊడదియ్యాలంటే ఎలా?" అని హెన్రియెటా ఎర్నెస్టీన్‌ని అడిగింది.

"చాలాసేపు మరగబెట్టాలి. ఆ జిగురు కంపు పట్టిన గిన్నెలో మళ్లీ ఎవరూ వండరు."

నోరీన్ పెన్ను ఆగిపోయింది.

హెన్రియెటా అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టి, తను తూర్పు కిటికీ దగ్గర నిలబడింది. గువ్వని మెల్లగా తిప్పింది. ఒక ఈక ఇక్కడ తళుక్కుమంది, ఇంకొకటి అక్కడ.

"చూశారా? వెలుగు గెంతుతోంది, నడవడం లేదు. ఎర్నెస్టీనక్క కళ్లు నా కళ్లకంటే మంచివి. వెండి అలాగే ఉంచి ఈకలు మార్చారు. విల్లిస్ అయితే ఈ తప్పు చెయ్యడు, వాటం వాడికి తెలుసు. లవోన్ చిప్ప కొయ్యడం ఎరగదు. ఇది చేసిన మనిషి గువ్వని రోజూ చూసింది, కానీ బల్లమీదే చూసింది. ఆకారం, రంగు అచ్చంగా దించింది. ఈకలు ఊడదీసేలోపు దాన్ని చేతిలో తిప్పి చూసే వీలు ఆ మనిషికి ఎన్నడూ దొరకలేదు."

హెన్రియెటా వాకిలివైపు తిరిగింది.

"కార్డీలియా, చిల్లుపడిన గిన్నెలో వాననీళ్లు ఎలా నిలిచాయి? ఆ జిగురు కంపుకే కదా కుక్క కూడా తాగలేదు?"

కార్డీలియా కుర్చీలోంచి లేవబోయింది.

"గాలప్‌కి సర్దిన నీ పెట్టె తెస్తావా, నోరీన్‌ని తెమ్మంటావా?"

నోరీనే తెచ్చింది. గుడ్డ విప్పితే అదే కొలతల్లో ఇంకో గువ్వ. వెనక కార్డీలియా పేరు. కిటికీ దగ్గర తిప్పగానే, భుజం నుంచి ఈక చివరిదాకా వెలుగు నడిచింది. లవోన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నలభై ఏళ్లు!" కార్డీలియా అరిచింది. "ఈ ఇంట్లోనే, ఆ పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నా వెండికి ఒక్క ఈక కోసిచ్చాడా? ఎప్పుడడిగినా 'మీ అక్క పని అవనీ' అనేవాడు. అది ఎప్పటికీ అవలేదు!"

ఎర్నెస్టీన్ చెల్లెలి వైపు తిరిగింది.

"ఈకలు అడిగితే ఇచ్చేదాన్ని కదే. ఏడ్చేదాన్ని, కానీ ఇచ్చేదాన్ని. నా కళ్లు బాగున్నాయని నీకు తెలుసు. తెలిసీ మందు వేశావు. నీ ఒళ్లో తల పెట్టి పడుకుని వేయించుకున్నాను కదే కార్డీలియా!"

మందుసీసా తీసి చెల్లెలి ముందు పెట్టింది. పోలీసుల్ని పిలవనంది. ఆ ఇల్లు తల్లి నుంచి ఇద్దరికీ వచ్చింది. ఇద్దరూ అందులోనే ఉండాలి. కానీ ఆ రోజు నుంచి ఎర్నెస్టీన్ తన గిన్నెలో తనే వండుకుంది.

"గడప తొక్కు," అంది విల్లిస్‌తో. "ఆ ఈకలు జాగ్రత్తగా విప్పి మళ్లీ నా వెండిలో పొదగాలి. సానచక్రం కూడా నువ్వే పట్టుకుపో. మూతికి గుడ్డ కట్టుకోకుండా మాత్రం కూర్చోకు. మీ మామ ఊపిరితిత్తులు ఆ చిప్పపొడికే పోయాయి."

ఇంటికి వచ్చాక నోరీన్ కాగితం తీసింది. కాఫీపొడి కొననే లేదు. నాలుగో పని కొట్టేసి పక్కన "మతి సరిగానే ఉంది" అని రాసింది.

ఆ గువ్వ ప్రదర్శనకి వెళ్లింది. జూని గువ్వ ఎప్పుడైనా మీ చేతికొస్తే, వెలుగులో మెల్లగా తిప్పి చూడండి. తర్వాత వెనక్కి తిప్పండి. చాలావాటి మీద ఒక్క పేరే ఉంటుంది. దీనిమీద ఎర్నెస్టీన్ శుక్రవారం రెండో పేరు చెక్కింది. చిప్ప కోసినవాడు అలోంజో. అతన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.