మేడ మీద ప్యానెళ్లు లేవు

2025 నవంబర్ 18, మంగళవారం. ఉదయం పదిన్నర. కోరుట్లలోని ఒక ప్రైవేటు సోలార్ శిక్షణ కేంద్రం మేడ మీద నలుగురున్నారు: ఎస్సై కరుణాకర్, కేంద్రం ఇన్‌ఛార్జి జలపతి, శిక్షణ పొందుతున్న జ్యోతి, ఆమె తండ్రి మొగిలయ్య.

ఉండవలసిన పన్నెండు సోలార్ ప్యానెళ్లు మాత్రం లేవు.

ఇనుప పట్టాలూ, క్లాంపులూ మిగిలాయి. పిట్టగోడ మీద ఒక మోకు వేలాడుతోంది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి తాడు అది.

“నిన్న ట్రైనింగ్ పైసలిచ్చే సర్కారు ఆఫీసర్లు చెప్పకుండ తనిఖీకి అచ్చిన్రు. పైకి తోలుకస్తే ఏముంది? ఖాళీ,” అన్నాడు జలపతి. “దొంగెవ్వలో ఆ తాడే చెప్తలేదా సార్?”

“మోకు నాదే సారు,” అన్నాడు మొగిలయ్య. “బిడ్డ అడిగితే ఇచ్చిన.”

“ఎందుకడిగినవమ్మా?” అన్నాడు కరుణాకర్ జ్యోతితో.

“ఈడ సేఫ్టీ బెల్టు లేదు సార్. ఎత్తు మీద పని నేర్వాలె గదా.”

“దాంతోటే దింపినవా ప్యానెళ్లు?”

“దింపి ఏం జేసిన? నాన్న మోపెడ్ మీద కట్టుకపోయిండా అన్ని?”

కరుణాకర్‌కు నవ్వు రాలేదు. ప్యానెళ్లు ఏమయ్యాయని నిన్నటి నుంచి తోటి శిక్షణార్థులందరినీ అడిగాడు. అందరిదీ ఒకే జవాబు: మాకు తెల్వదు సార్. ఎవరి సర్టిఫికెట్ భయం వారిది. జ్యోతికి మాత్రం గడువు దగ్గరపడింది. వచ్చే సోమవారం ఒక సోలార్ ప్లాంటులో టెక్నీషియన్‌గా చేరాలి. ఎఫ్ఐఆర్‌లో పేరుంటే పోలీస్ వెరిఫికేషన్ దాటదు.

అతడు విసుగ్గా ఒక క్లాంపు విప్పాడు. దాని రబ్బరు కింద తెల్లటి నూలు ధూళి గట్టిగా అణిగి ఉంది.

“ప్యానెళ్లు ఎక్కడికెళ్లి అచ్చినయ్?” అని జలపతిని అడిగాడు.

“హైదరాబాద్ నుంచి. డబ్బాలల్ల. ఈడనే విప్పి బిగించినం. అప్పటిసంది కదల్లే.”

“నీ కింద ఇంకో సెంటర్ ఉందా?”

“సిరిసిల్లల ఉంది.”

“పక్కకు ఏముంది దానికి?”

జలపతి చెయ్యి చాచి ఆ క్లాంపు తీసుకోబోయాడు.

కరుణాకర్ సిరిసిల్ల స్టేషన్‌కు ఫోన్ చేశాడు. పదకొండూ ఇరవైకి జవాబు వచ్చింది. ఆ కేంద్రం మరమగ్గాల షెడ్డును ఆనుకుని ఉంది. మేడ మీద పన్నెండు ప్యానెళ్లున్నాయి. సీరియల్ నంబర్లు జలపతి ఫిర్యాదులో రాసిచ్చినవే.

“ఈ గల్లీల మగ్గం లేదు జలపతీ. గీ నూలు బిగించేటప్పుడే ఇరికింది. అంటే ప్యానెళ్లు సిరిసిల్ల పోయి, మళ్ల ఈడికి అచ్చినయ్. తనిఖీ ఏ ఊర్ల ఉంటే ఆ ఊరికి బండెక్కుతయ్. నిన్న బండి తెప్పించే టైం దొరకలే. అందుకే నీకు ఒక దొంగ కావాల్సి వచ్చింది.”

“రిపేర్‌కు పంపి మర్చిపోయిన సార్. పొరపాటు. కంప్లైంట్ వాపస్ తీసుకుంట.”

కరుణాకర్ పళ్లు కొరికాడు. ఆ ఒక్క మాటతో కేసు మూతపడుతుంది. మరో బ్యాచ్ చేరుతుంది. తనిఖీ రోజున తప్ప ఇక్కడ ప్యానెళ్లుండవని ఒక్కరైనా సాక్ష్యం ఇవ్వాలి.

“నీ మీద కేసు లేదమ్మా,” అన్నాడు జ్యోతితో. “ఇంటికి పోవచ్చు. లేదంటే, ఉన్నదున్నట్టు రాసియ్యి.”

“రాయి బిడ్డా,” అన్నాడు జలపతి. “ప్రాక్టికల్ నేర్వలేదని నీ చేతితోనే రాసియ్యి. నీ సర్టిఫికెట్ చెల్లది. సోమవారం ఆడ ఏం జూపిస్తవ్?”

“నౌకరి పోతదా సారు?” అడిగాడు మొగిలయ్య.

“పోతది,” అన్నాడు కరుణాకర్. అబద్ధమాడడానికి అతనికి నోరు రాలేదు.

జ్యోతి ఖాళీ పట్టా మీద చెయ్యి వేసింది.

“స్విచ్ బంద్ చేసినా, ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌కెళ్లి కరెంట్ అస్తనే ఉంటదట సార్. గది నేను ఫోన్ల చూసి తెలుసుకున్న. ఈడ ఎవ్వలు చెప్పలే. సోమవారం నన్ను తోలేది ఆ వైర్ల కాడికే.”

ఆమె కాగితం అడిగి తీసుకుంది. పిట్టగోడ మీద పెట్టి రాసింది. కింద సంతకం చేసింది.

కరుణాకర్ దాన్ని రెండుసార్లు చదివాడు. నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో ఉంచి, గుండీ పెట్టుకున్నాడు.