ఎర్నా టీచరు తెలుగు

"నీ వేషం తెలుగు మాస్టారు," అన్నాడు చీఫ్, మద్రాసు ఆఫీసులో తలుపు మూసి. "మైపాడు తీరాన జర్మన్ ఇంటర్నేషనల్ స్కూలు. అక్కడ ఎర్నా అనే టీచరు విదేశీ ముఠా మనిషి. మనకూ పనిచేస్తానంటోంది, కబుర్లు నీకే ఇస్తుంది. ఎవరి ఏజెంటో తేల్చు."

అది 1964. గూఢచారి సైదావలిది అదే జిల్లాలోని మనుబోలు, జర్మన్ కూడా వచ్చు. మారువేషానికి పంచె, కళ్లజోడు చాలాయి. కళ్లజోడులో కెమెరా ఉంది.

ఆ స్కూల్లో ఒకే తరగతికి ఇద్దరు టీచర్లు. ఎర్నా జర్మన్‌లో చెప్పిన ప్రతి మాటా సైదావలి వెంటనే తెలుగులో చెప్పాలి. జర్మన్ ఇంజనీర్ల పిల్లలూ ఊరి పిల్లలూ కలిసి కూర్చుని రెండూ నేర్చుకునేవాళ్లు. ఏడాదిపాటు ఆమె మాటల వెంటే నడిచి, ఆమెను ప్రేమించాడు. గూఢచారికి అంతకన్నా బుద్ధితక్కువ పని లేదు.

సాయంత్రం సైకిలెక్కి ఆమె "పోతాను" అనేది.

"అట్లనకూడదు. పోయొస్తాను అనాల. పోతాను అంటే ఇంక రానట్టు."

"మీ భాషకు భయం ఎక్కువ."

"భయం కాదు, ఆశ."

ఆమె నవ్వేది. మర్నాడు మళ్లీ అదే తప్పు.

కొత్త తరగతి మొదలైంది. బడిలో చేరేరోజు ప్రతి బిడ్డకూ పొడవాటి అట్టపొట్లం నిండా మిఠాయిలివ్వడం జర్మన్ల ఆనవాయితీ. ఇంటికెళ్లాకే దాన్ని విప్పాలి.

"జాన్‌బీ పొట్లంలో మావాళ్లు రహస్యంగా మైకు పెట్టారు," అని ఎర్నా సైదావలికి ముందే చెప్పింది. బడిలో చేరుతున్న ఆ పాప తండ్రి బడేసాహెబ్ రాడార్ ఇంజనీరు. సైదావలి కబురంపితే చీఫ్ నుంచి జవాబొచ్చింది: "పోనివ్వు. మైకు వెంటపడి ముఠాను పట్టుకుందాం."

కానీ జాన్‌బీ ఇంటిదాకా ఆగలేదు. రిబ్బను లాగేసి ఎర్నా దగ్గరికొచ్చింది.

"మా నాయనమ్మ చెప్పింది. ముందు టీచరమ్మకి పెట్టి తినాలంట."

పొట్లంలో సర్రుమని చప్పుడు. సన్నగా పొగ.

ఎర్నా ముఖం పాలిపోయింది. "నాకు మైకనే చెప్పారు."

సైదావలి చెయ్యి చాచేలోపే ఆమె పొట్లం లాక్కుంది. పిల్లలవైపు తిరిగి జర్మన్‌లో ఒక వాక్యం చెప్పింది. ఏడాది అలవాటు కొద్దీ అతని నోట్లోంచి తెలుగు దానంతటదే వచ్చింది.

"అందరూ బల్లల కింద దూరండి. ఇది ఆట."

గుమ్మంలో ఆమె ఒక్క క్షణం ఆగి, "పోతాను," అంది.

ఇసుకలో పరుగెత్తింది. అతను వెంట వెళ్లబోయాడు. జాన్‌బీ భయపడి అతని పంచె పట్టుకుంది. ఆ పిడికిలి విడిపించుకోవడానికి అతనికి మనసొప్పలేదు. అలల దగ్గర పేలుడు వినిపించింది. కిటికీ అద్దాలు రాలాయి. పిల్లలెవరికీ దెబ్బ తగల్లేదు.

పొట్లం కట్టిచ్చిన ముఠా ఆ సాయంత్రమే నెల్లూరులో దొరికింది.

"ఇంతకీ ఎవరి ఏజెంటు?" అడిగాడు చీఫ్.

"ఒకటో తరగతి టీచరు, సార్."

"చివరిగా ఏమైనా చెప్పిందా?"

సైదావలి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అందులోని కెమెరాకు తడి తగలకూడదు.

"తెలుగులో ఒక మాట చెప్పింది సార్. ఈసారి తప్పు లేదు."