అడవిలో అతికిన పోగు

దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరలమ్మే ఉపేందర్ మగ్గం వదిలి చాలా ఏళ్ళయింది. వేళ్ళు మాత్రం ఇంకా నేతగాడివే. ఎవరి కొంగులో పోగు లేచినా ఆ వేళ్ళు ఊరుకునేవి కావు. పుర్రెతో పుట్టిన బుద్ధి మరి, ఎక్కడికి పోతుంది! అలాంటివాణ్ణి చేనేత ప్రదర్శనకని గ్వాటెమాలా దాకా పిలిచారు. అంత దూరం పోయి ఊరికే తిరిగొస్తాడా? ఒకనాటి మాయా జాతివాళ్ళు కట్టిన రాతిగుళ్ళు చూడందే కదలనని అడవిలోకి బయలుదేరాడు.

మెడలో ఎర్ర రుమాలు. కూతురు రజితకని వాళ్ళ నానమ్మ వజ్రమ్మ నేసిచ్చింది. "డాడీ, ఒచ్చేటప్పుడు నాది నాకు తెచ్చియ్యాలె" అని ఆ పిల్లే కట్టి పంపింది. ఒక్కగానొక్క బిడ్డ. ఆ రుమాలు వాడు స్నానానికి తప్ప తియ్యలేదు.

మధ్యాహ్నమే అయినా అడవిలో మసకగా ఉంది. కుళ్ళిన ఆకుల వాసన, తడిమట్టి వాసన. చెట్ల వేళ్ళు రాతిమెట్లను చీల్చుకుని దిగాయి. ఎక్కడో కోతులు అరిచి అరిచి, ఒక్కసారిగా ఊరుకున్నాయి. వెంట వచ్చిన ముసలి గైడు గుడి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"చూడు. ఏదీ ముట్టుకోకు," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

లోపల గదిలో ఉపేందర్ టార్చి వేశాడు. ఎదురుగా మగ్గం.

అక్కడి ఆడవాళ్ళు నేసే నడుము మగ్గం అది. పడుగు ఒక కొసను స్తంభానికి కడతారు. రెండో కొసను పట్టీతో నడుముకు కట్టుకుని నేలమీద కూర్చుంటారు. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది. ఇక్కడ పట్టీలో ఎవరూ లేరు. అయినా పడుగు బిగుతుగానే ఉంది...

మరొకడైతే వెనక్కి పరుగెత్తేవాడు. మనవాడి కంటికి అది ఆనలేదు. పడుగులో ఒక పోగు తెగి వేలాడటం ఆనింది.

తెగిన పోగు కనబడితే పగవాడి మగ్గమైనా సరే, అతికే కదలాలని వజ్రమ్మ ఉగ్గుపాలతో నేర్పింది. కొసలు రెండూ అందలేదు. రుమాల్లోంచి ఒక ఎర్రపోగు లాగాడు. వేళ్ళు ఉమ్మితో తడిపి, పురిపెట్టి, నడుమ అతికేశాడు.

టక్.

నేత బిగించే చెక్క తనంతట తానే కదిలింది.

ఉపేందర్ పడుతూ లేస్తూ బయటికొచ్చాడు. గైడు అతని మెడలోని రుమాలు చూశాడు. దానికి వేలాడే పోగు చూశాడు. ముసలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరి పోగిచ్చావు?"

ఉపేందర్ చెయ్యి బిడ్డ రుమాలు మీదికి పోయింది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే, రజితకు నడుము నొప్పంది భార్య వాసంతి.

అతను హైదరాబాద్‌లో దిగేసరికి సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. దొరికిన ఒక్క ఆటో కర్మన్‌ఘాట్‌లో దింపేస్తే, ఎల్బీనగర్‌లోని ఇంటిదాకా పెట్టె ఈడ్చుకుంటూ నడిచాడు. జై తెలంగాణ అంటూ జనం ఎదురొస్తున్నారు. బొగ్గు గనులు ఆగిపోయి కరెంటు కూడా లేదు. పొద్దు గూకుతోంది.

వజ్రమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"వాసంతి డాక్టర్‌ను పిల్వబోయింది," గొంతు తగ్గించి చెప్పింది. "పొద్దటిసంది పిల్ల నీళ్ళు గూడ ముడ్తలేదు. ఎవరో నడుం గుంజుతున్నరంటది. జర మెల్లగ పో బిడ్డా... నువ్వే చూడు."

గదిలో తడిమట్టి వాసన. కుళ్ళిన ఆకుల వాసన.

నట్టనడుమ రజిత కాళ్ళు చాపుకుని కూర్చుంది. వెనక్కి వాలి ఉంది. వెనక గోడ లేదు. దిండు లేదు. అయినా పడిపోవడం లేదు... చేతులు గాలిలో ఆడుతున్నాయి.

టక్... టక్...

ఉపేందర్ పైప్రాణాలు పైనే పోయాయి. బిడ్డను ఎత్తబోయాడు. కదల్లేదు. మోచేతికి ఏదో తగిలింది. పిల్ల నడుము నుంచి ఎదుటి చీకట్లోకి బిగిసిన పోగు. ఒక్కటే. ఎర్రది.

"అవ్వా... నేనే అతికిన... గా అడవిల... తెగిన పోగు చూసి..."

వజ్రమ్మ ఏ మగ్గమని అడగలేదు. పుట్టి బుద్ధెరిగి పోగు తెంపమని ఎవరికీ చెప్పని మనిషి, కత్తెర తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"తెంపు."

తెంపాడు.

రజిత అతని ఒళ్ళో వాలిపోయింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. ఊపిరి ఆడుతోంది. ఉపేందర్ బిడ్డను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వజ్రమ్మ కనబడిన దేవుడికల్లా మొక్కింది.

"డాడీ..." పిల్ల అతని చెవిలో గుసగుసలాడింది. "గామె చూసింది."

"ఎవరు బిడ్డా? ఏం చూసింది?"

"నా నడుం గుంజేటామె. పోగు తెగింది గద... మళ్ళ అతుకుతున్నది."

ఉపేందర్ చీకట్లో పిల్ల నడుము తడిమాడు. తాను తెంపిన కొస వేళ్ళకు తగిలింది. అప్పుడే ఎవరో పురిపెట్టారు. అది తడిగా ఉంది.