ఏకాదశి నాటి నెత్తళ్ళ పులుసు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక ఊడి ఈ చేటలో పడాలి. గంగ మీద ఒట్టు, మన వీధి కుళాయి మీద ఒట్టు, నా నోట్లో మిగిలిన రెండు పళ్ళ మీదా ఒట్టు. తవిటమ్మా, నువ్వు మొన్నే సోంపేట నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చావు, హైమ సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. పొయ్యి మీద పులుసు చల్లారేలోగా చెప్పేస్తాను. చల్లారాక నీకు పనుంది.

ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి కొన్నేళ్ళయిన రోజులవి. గంగకి అవతల, కలకత్తా భవానీపూర్‌లో పాతాళ రైలు కోసం రోడ్డును నిలువునా చీల్చి పెట్టారు. ఆ గోతిలో జారిపడ్డ గేదె కొన్నాళ్ళకి టాలీగంజ్‌లో తేలిందని చెప్పుకునేవాళ్ళు. నేనైతే ఆ గేదె పాలు కూడా తాగాను.

హైమ మన ఒడ్డున షాలిమార్ గూడ్సు యార్డులో మూటలు మోసే కూర్మయ్య కూతురు. మన కూలీల లైను మొత్తానికి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. అదీ మామూలు చదువు కాదు, బొమ్మలు గీసే చదువు. రైలుపెట్టెల మీద సుద్దతో నంబర్లు రాయడానికి ఇంత చదువెందుకే అని కూర్మయ్య నవ్వేవాడు గానీ, కూతురు గీసిన కాకిని చూసి పక్కింటి పిల్లి గోడకి గుద్దుకున్ననాడు మాత్రం లైనంతా తిప్పి చూపించాడు.

ఆ కాలేజీలో ఒక నియమం ఉండేది. ఆఖరి ఏడాదికి పోవాలంటే, అంతకు ముందు ఏడాదంతా బయట ఒక పనివాడి దగ్గర చేరి పని నేర్చుకోవాలి. ఆ మాస్టారు 'ఈ పిల్లకి పని వచ్చింది' అని రాసిస్తేనే పై చదువు. రాయకపోతే ఇంటికే. ఇంటికొస్తే తల్లితో పాటు గోనెసంచుల మిల్లులో సూది పట్టుకోవడమేనని కూర్మయ్య ముందే చెప్పేశాడు. అంచేత ఆ ఒక్క మాట కోసం హైమ ఏం చెయ్యడానికైనా సిద్ధపడింది. ఏం చెయ్యాలో అప్పటికి తెలీదు పాపం.

ఆమెకి దొరికిన మాస్టారు నిబారణ్ బాబు. పాత జమీందార్ల ఇళ్ళలో మసిబారిన తైలచిత్రాలను శుభ్రం చేసే పని ఆయనది. భవానీపూర్‌లో ఒక పాత ఇంటి కింది గదిలో ఆయన కార్ఖానా. మనిషి ఎంత సన్నమంటే, ఫ్యాను వేసేముందు ఆయన జేబులో ఒక ఇటుక పెట్టేవారు. ఆ గదిలో టర్పెంటైను, తడిసిన గోడలు, గులిమిలా పసుపుపచ్చగా గడ్డకట్టిన వార్నిషు... ఇవన్నీ కలిసి ఒక కంపు. బయట గోతిలోంచి పంపులు తోడే బురద కంపు దానికి తోడు.

మొదటిరోజే ఆయన వెదురుపుల్లకి దూది చుట్టి, నోట్లో పెట్టుకుని, ఉమ్మితో తడిపి, ఒక జమీందారు గారి చెంప మీద దొర్లించాడు. దూది నల్లగా వచ్చింది, చెంప తెల్లగా తేలింది. నీళ్ళు రంగుని పాడుచేస్తాయట, ఉమ్మి మాత్రం గోరువెచ్చగా మసిని పట్టి లాగేస్తుందట. ప్రపంచమంతా ఇలాగే చేస్తారని చెప్పి హైమ చేతికొక పుల్ల ఇచ్చాడు. చచ్చినవాళ్ళ మొహాల మీద ఉమ్మడం... అదీ పొద్దున్నించి సాయంత్రం దాకా. మొదటి వారం ఇంటికొచ్చి బిందెడు నీళ్ళతో పుక్కిలించేది. తర్వాత అలవాటు పడింది. ఏ మొహానికైనా అలవాటు పడింది, ఒక్క బొడో గిన్నీకి తప్ప.

బొడో గిన్నీ అంటే బెంగాలీలో పెద్ద దొరసాని. ఆ బొమ్మ వర్షాకాలంలో వచ్చింది. తెల్లచీర, గొరిగిన తల, కొద్దిగా విడిన పెదవులు. చిన్నప్పుడే విధవ అయ్యిందట. ఆ బెంగాలీ జమీందార్ల ఇళ్ళలో విధవలు చేప ముట్టకూడదు. ఏకాదశి నాడైతే నీటి చుక్క కూడా మింగకూడదు. ముసలితనంలో ఒక ఏకాదశి నాడు జ్వరంతో పడి, నీళ్ళు నీళ్ళు అని అడుగుతుంటే, నోట్లో పోస్తే పాపమని చెవిలో ఒక చుక్క వేశారట. ఆ చెవిలో తడితోనే పోయింది. ఈ కథ నిబారణ్ బాబే చెప్పాడు. చెప్పి, రెండు షరతులు పెట్టాడు. ఈ బొమ్మ మీద పనిచేసే రోజుల్లో చేప తినకూడదు. ఏకాదశి నాడు ఈ బొమ్మకి తడి తగలకూడదు. బొమ్మ నోరు మాత్రం తానే శుభ్రం చేస్తానన్నాడు.

అంతా అయింది, నోరొక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడు నిబారణ్ బాబుకి జ్వరం తగిలింది. మర్నాడు పొద్దున్నే బొమ్మ గలవాళ్ళు వస్తారు. పని కాకపోతే బొమ్మని ఇంకొకడి దగ్గరికి తీసుకుపోతామని కబురు పెట్టారు. పని పోతే మాస్టారు హైమ కాగితం మీద ఏం రాస్తాడు? హైమ కార్ఖానా తాళం తీసింది. ఆ రోజు ఏకాదశి.

మధ్యాహ్నం కేరేజీ విప్పింది. నాయనమ్మ దాలమ్మ పెట్టిచ్చిన ఎండు నెత్తళ్ళ పులుసు. మన దాలమ్మ పులుసు పెడితే హౌరా వంతెన మీద ట్రాములు ఆగి వాసన చూసేవి. బొమ్మకి కడుపుంటుందా, కులాచారం ఉంటుందా అనుకుని హైమ శుభ్రంగా తినేసింది. ఒక ముల్లు వెనక పన్నుకీ దవడకీ మధ్య ఇరుక్కుంది. నాలుకతో ఎంత తోసినా రాలేదు. ఒక గుక్క నీళ్ళు పుక్కిలించి, పుల్లకి దూది చుట్టి కూర్చుంది. రోజూ ఉమ్మి కోసం నోరు పిండుకోవాలి. ఆరోజు చింతపండు చలవతో నోరు ఊటబావి.

మొదటి దూది... గోధుమరంగు మసి.

రెండోది... పెదవి చివర గులాబీరంగు తేలింది.

మూడో దూది పెదవికి అతుక్కుపోయింది. లాగితే తీగలా సాగింది. ఫ్యాను ఆగిపోయింది. లోడ్‌షెడ్డింగు. బయట పంపులు కూడా ఆగాయి. కిటికీ బయట వాన, మధ్యాహ్నమే సందెచీకటి. హైమ కొవ్వొత్తి వెలిగించింది.

అప్పుడు వినిపించింది. చప్పరింపు. పళ్ళు లేని నోరు చింతపండు చప్పరిస్తున్నట్టు... తడిగా... నిదానంగా...

బల్లి అనుకుంది. కొత్త దూది నోట్లో పెట్టుకుంది. దూది తడవలేదు. నాలుక గోనెపట్టాలా ఉంది. చెంపలు లోపల అంటుకుపోయాయి. నోట్లో ఒక్క చుక్క లేదు. మింగబోతే గొంతు గరగరలాడింది.

కొవ్వొత్తి ఎత్తి చూసింది. బొమ్మ పెదవులు తడిగా మెరుస్తున్నాయి. పెదవి మూల నుంచి చొంగ కారుతోంది. చింతపండు రంగు చొంగ. గడ్డం దాటి, తెల్లచీర మీదికి... ఎండుచేప కంపు. తన నోట్లోంచి కాదు. అటునుంచి.

పెదవుల మధ్య ఏదో సన్నగా, తెల్లగా పొడుచుకొచ్చింది.

హైమ నాలుకతో తన వెనక పన్ను తడిమి చూసుకుంది. సందు ఖాళీగా ఉంది. ముల్లు లేదు.

"ఆర్ ఎక్‌టు దే, మా."

ఇంకొంచెం పెట్టవే తల్లీ అని. గుసగుసగా. ఆ మాటతో పాటు ఒక వెచ్చటి ఆవిరి వచ్చి హైమ మొహాన తగిలింది... ఎన్నో ఏళ్ళు మూసి ఉన్న నోటి వాసన, దాని మీద మన పులుసు వాసన.

కొవ్వొత్తి ఎక్కడ పడేసిందో, లాంచీ ఎలా ఎక్కిందో, గంగ ఎలా దాటిందో ఆమెకే తెలీదు. నన్నడిగితే లాంచీ లేకుండానే దాటి ఉంటుంది.

ఇంటికొచ్చి బిందె ఎత్తి తాగింది. నీళ్ళు తామరాకు మీద జారినట్టు జారిపోయాయి గానీ నోరు తడవలేదు. అన్నం పెడితే కాగితం నమిలినట్టు నమిలి ఉమ్మేసింది. ఉమ్మినా పొడిపొడిగా రాలింది, పిండిలా. కూర్మయ్య డాక్టరు దగ్గరికి పోదామన్నాడు. హైమ నాయనమ్మ ఒళ్ళో తలపెట్టి అంతా చెప్పింది. పొద్దున్నే బొమ్మ గలవాళ్ళొస్తారని, చదువు పోయినట్టేనని ఏడ్చింది. కళ్ళు మాత్రం తడిశాయి, అదీ విడ్డూరం.

దాలమ్మ గురించి నీకు చెప్పాలి. అడ్డచుట్ట తాగేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి, చెవుల్లోంచి పొగ వదిలేది. నిద్రలోనూ చుట్ట ఆరేది కాదు. దోమలు మన లైనుకి రావాలంటే ఆమె ఊరెళ్ళాలి.

మనవరాలు చెప్పిందంతా విని, చుట్ట ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చి, "ఏడవకు గుంటా, పొద్దున్నే నానొస్తాను" అంది. అంతే.

తెల్లారి మొదటి లాంచీకి ఇద్దరూ వెళ్ళారు. కార్ఖానా తలుపు తియ్యగానే ఈగల మోత. బొమ్మ నోటి చుట్టూ నల్లగా ముసురుకున్నాయి. హైమ గుడ్డతో తోలింది. రాత్రికి రాత్రి పెదవులు ఇంకా విడిపోయాయి. లోపల చిగుళ్ళు... నానబెట్టిన తోలులా ఉబ్బి, బూడిదరంగులో. ఆ చిగుళ్ళు నెమ్మదిగా కదులుతున్నాయి. ముల్లు ఇంకా నమలడం అవలేదు.

హైమ గోడకి అతుక్కుపోయింది. దాలమ్మ స్టూలు లాక్కుని బొమ్మ ఎదురుగా కూర్చుంది, కుళాయి దగ్గర పొరుగమ్మతో కూర్చున్నట్టు.

"ఏటప్పా, గుక్కెడు నీల్లు పొయ్యనేదా నీకు?" అంది. "పాపం, నీ ఉసురు ఆలకి తగల్తాది. మా గుంట ఏటి చేసింది నిన్ను? దాని నోరు దానికిచ్చీ. ఏకాసి ఏకాసికి నెత్తల్ల పులుసు నాను పంపుతాను. నోటి తడే గావాలంటే నాది తాగు. అరవై ఏల్లది, బాగా ఊరినాది."

చుట్ట తీసింది. నిప్పు వైపు ఎర్రగా, తడితడిగా. తర్వాత ఆ ముసలిది చేసిన పని హైమ చెప్తేనే నమ్మాను. లేచి, బొమ్మ నోటికి తన నోరు ఆనించింది. ఆనించి... ఉమ్మింది. ఒక్కసారి కాదు. పొగాకు రసం, మసి, తెల్లారి మొహం కడగని నోటి చిక్కదనం, అంతా. అటు నుంచి గుటకలు వినిపించాయి. గుటక... గుటక... గుటక... దూడ కుడుస్తున్నట్టు. హైమ టర్పెంటైను డబ్బాలో వాంతి చేసుకుంది.

ఆ తర్వాత బొమ్మ దగ్గింది.

పొగ తాగడం అలవాటులేని ఆడమనిషి మొదటి దమ్ముకి దగ్గినట్టు. ఒక్కసారే. పెదవులు దగ్గరపడ్డాయి. హైమ నోట్లో సర్రున నీళ్ళూరాయి. అంత సంతోషంగా ఉమ్మి మింగిన మనిషి ఈ కలకత్తాలో ఇంకొకరు లేరు.

కాసేపటికి నిబారణ్ బాబు శాలువా కప్పుకుని మూలుగుతూ వచ్చాడు. వెనకే బొమ్మ గలవాళ్ళు. నోరు అద్దంలా మెరుస్తోంది. కింది పెదవి మీద చిన్న కాలిన బొబ్బ ఉంటే, పాత దెబ్బ కాబోలు అనుకున్నారు. మాస్టారు చాలాసేపు చూసి, ఇంత బాగా తానైనా చెయ్యలేనని అక్కడే హైమ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. చదువు నిలబడింది. అయితే బొమ్మ గలవాళ్ళు దుర్గాపూజ పండగ వెళ్ళకుండానే బొమ్మని వెనక్కి తెచ్చి కార్ఖానాలో దింపేశారు. వాళ్ళింట్లో వండిన చేపలు గిన్నెలోనే చప్పబడుతున్నాయట, పరుపుల కింద ముళ్ళు దొరుకుతున్నాయట. మళ్ళీ తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు.

దాలమ్మ మాత్రం ఆరోజు నుంచి ఉమ్మడం నేను చూడలేదు. చుట్ట నోట్లో ఉన్నా తడిసేది కాదు. ఏం తిన్నా రుచి లేదనేది. అడిగితే, "సాల్లే, నానెంత తిన్నానో నీకేటి తెలుసు" అని నవ్వేది. ఏకాదశి ఏకాదశికి పులుసు పంపడం తప్పలేదు. తను పోయేముందు ఆ కేరేజీ పొరుగునున్న నా చేతిలో పెట్టింది. దాలమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. నిబారణ్ బాబూ పోయాడు. కార్ఖానా ఇప్పుడు హైమదే. ఆ బొమ్మ అక్కడే, వెనక గదిలో గోడకి ఉంటుంది.

పులుసు చల్లారింది చూడు. ఇవాళ ఏకాదశి, నా మోకాళ్ళు లాంచీ ఎక్కనంటున్నాయి. ఈ కేరేజీ తీసుకెళ్ళి హైమకివ్వు. వెనక గదిలోకి నువ్వు వెళ్ళకు, ఆమే పెడుతుంది. కిందటిసారి గిన్నె తిరిగి ఇస్తుంది, అక్కడే కుళాయి కింద కడిగి తీసుకురా. ముళ్ళుంటాయి, నాకి వదిలేసినవి. వాటికి భయపడక్కర్లేదు, ఎప్పుడూ ఉండేవే.

మొన్న మాత్రం ముళ్ళతో పాటు చుట్టపీక ఉంది. నిప్పు వైపు తడిసి ఉంది.

అందుకే ఇవాళ ఇద్దరికి సరిపడా పెట్టాను. పద, లాంచీ వెళ్ళిపోతుంది. దారిలో మూత తియ్యకు. ఆ వాసనకి నోరూరితే మింగెయ్యి తల్లీ, ఎక్కడా ఉమ్మకు.