కోర విరిగిన వరాహముద్ర

విజయదశమి నాటి ఉదయాన పద్మగిరి రాజధానిలో పట్టపుటేనుగులు బారులు తీరి నిలువగా, భేరీల మోతకు కోటగోడల మీది పావురాలు గుంపులుగా లేచి ఆకాశాన తెల్లగొడుగు పట్టినట్లుండగా, చిత్తరాయ మహారాజు నిండుకొలువులో తన చేతి మొదటి తాంబూలాన్ని దళవాయి సింగమనాయనికి అందించెను.

ముప్పయి ఏండ్లుగా ఆ మొదటి తాంబూలం ప్రధాని బయ్యపరసుది. ఆ దినం ఆయన రెండవది పుచ్చుకొని నవ్వుతూనే నోట పెట్టుకున్నాడు గాని, అది గొంతు దిగలేదు. పూజలో కూర్చున్నా, అన్నం ముందు కూర్చున్నా, ఆ తాంబూలం పుచ్చుకున్న దళవాయి చేయే కళ్ల ముందు ఆడేది. ఆ చేతికి నల్లరాతిలో చెక్కిన వరాహముద్ర ఉంగరం. శత్రురాజు మాచభూపతి ముట్టడించి ఉన్న తుమ్మలకోన దుర్గం తలుపులు ఆ ముద్ర పడిన కమ్మకు తప్ప మరి దేనికీ తెరుచుకోవు.

"ఆ చేయి నరకనక్కరలేదు. దాని గుర్తు చిక్కితే చాలు" అనుకున్నాడు బయ్యపరసు.

పది దినాలకు దళవాయిని అభ్యంగనానికీ విందుకూ పిలిచాడు. తలంటేవాడు "దొరా, నూనెలో ఉంగరం జారిపోతుంది, పళ్లెంలో పెట్టండి" అంటే సింగమనాయడు తీసి పెట్టాడు. బాణాల వానలో రెప్ప వేయని వీరుడు కుంకుడు నురగకు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి ఉంగరం పళ్లెంలోనే ఉంది.

ఆ సాయంత్రం అతని భార్య వెంగమాంబ అలవాటు చొప్పున చింతపండుతో ఉంగరం తోముతూ చటుక్కున ఆగింది. వరాహం కంటి గుంటలో మైనం!

"ఈ ఉంగరం ఎవతె చేత పెట్టారు?"

"ఎవతె ఏమిటే? ప్రధానిగారింట తలంటు పోసుకున్నాను."

"తలంటుకు మైనమెందుకు? మైనం అద్ది బొట్టు పెట్టుకునేది ఆడది. దాని నొసటి మైనం మీ ఉంగరానికెలా అంటింది? దళవాయిగారు అంత దగ్గరగా ఏ ముఖం నిమిరారో చెప్పండి!"

"నీ తోడు వెంగా, అక్కడ ఆడగాలి కూడా లేదు."

"నా తోడెందుకు, దాని తోడే పెట్టుకోండి!" అంటూ ఆ మహాతల్లి ఉంగరాన్ని విసిరికొట్టింది. అది రుబ్బురోలుకు తగిలింది. రాయి అంచు పెట్లి వరాహపు కోర సగానికి పోయింది.

సింగమనాయడు ఉంగరం తీసుకొని మైనాన్ని గోటితో గీకి చూశాడు.

"ఇది బొట్టు మైనం కాదు వెంగా. నా ముద్రకు అచ్చు తీశారు. ఇక ఎవడో నేనై మాట్లాడతాడు, నేనై ఆజ్ఞ ఇస్తాడు. తుమ్మలకోన పోయినా, నా తల పోయినా నా పేరు మీదనే పోతుంది."

వెంగమాంబ కోపం దిగిపోయింది. దుర్గపాలకుడు గుండమనాయడు ఆమె సొంత తమ్ముడు.

ప్రధాని మీద సాక్ష్యం లేదు. అందుచేత దళవాయి కొత్త ఉంగరం చేయించుకోలేదు. విరిగిన ముద్రనే లక్కబిళ్ల మీద వేసి, నమ్మిన వేగుతో రహస్యపు దారిన బావమరిదికి పంపించాడు. "మీ అక్క కోపానికి నా ముద్ర కోర విరిగింది. ఇక కోర నిండుగా ఉన్న కమ్మ ఏది వచ్చినా అది నాది కాదు. ఈ సంగతి మూడో చెవిన వేయవద్దు."

ఇరవై దినాలకు తుమ్మలకోనకు ఒక కమ్మ వచ్చింది. "రేపు సూర్యోదయాన తూర్పు తలుపు తెరువుము. మన సహాయసేన వచ్చును." కింద నిండుకోరతో వరాహముద్ర.

గుండమనాయడు పకపకా నవ్వాడు. "మా అక్క కోపం రుచి చూడనివాడెవడో ఇది రాశాడు!"

తెల్లవారగానే, తెరిచి ఉంటుందనుకున్న తలుపు మీదికి మాచభూపతి సేన పరుగున వచ్చింది. పైనుంచి బండలు దొర్లాయి, కాగిన నూనె కురిసింది. పారిపోయే సేనను తరుముతూ గుండమనాయడు బయటికి దూకి, రొమ్మున బాణం దిగబడి, మూసిన ఆ తలుపుకే చేరగిలబడి ప్రాణం విడిచాడు. దుర్గం నిలిచింది.

ఆ ఉదయమే పద్మగిరి కొలువులో బయ్యపరసు లేచి, "మహాప్రభూ! తాము మొదటి తాంబూలమిచ్చిన చేయి తుమ్మలకోన తూర్పు తలుపు తెరవమని ఆజ్ఞ రాసింది" అని పలికాడు. దళవాయికి సంకెళ్లు పడ్డాయి.

రెండు దినాల తరువాత దుర్గం నుంచి బంటు వచ్చి, దొంగకమ్మనూ నెత్తురంటిన తలపాగనూ రాజు పాదాల ముందుంచాడు. "మా నాయడు ఇరవై దినాలుగా దీన్ని పాగాలో దాచుకున్నాడు ప్రభూ" అంటూ ముడి విప్పి లక్కబిళ్ల తీశాడు.

రాజు సింగమనాయని ఉంగరాన్ని తానే వేడిలక్కలో అద్ది చూశాడు. బిళ్లకూ ఉంగరానికీ కోర సగమే. కమ్మ మీద నిండు కోర.

"ప్రధానీ! ఈ కమ్మ ఇప్పుడే కొలువుకు వచ్చింది. తూర్పు తలుపు మాట నీకు మొన్ననే ఎవరు చెప్పారు?"

బయ్యపరసు తన ఆసనం దిగి ముందుకు వచ్చాడు.

"ముప్పయి ఏండ్లు ప్రభూ! తమరు పసివారై ఉన్ననాడు ఈ రాజ్యాన్ని భుజాన మోశాను. ఒక్క తాంబూలం... ఒక్క ఆకు ముందు నాకిచ్చి ఉంటే!" అని తలపాగ తీసి నేల పెట్టి, తానే సంకెళ్లకు చేతులు చాచాడు.

రాజు దళవాయికి వజ్రాల ముద్రటుంగరం చేయించి పంపగా వెంగమాంబ తిప్పి పంపింది. "ఏలినవారు మన్నించాలి. పాత ఉంగరపు ఆ విరుగులో నా తమ్ముడున్నాడు."

తమ్ముని మైల తీరిన దినాన ఆమె భర్తను పీట మీద కూర్చోబెట్టి, వేలి ఉంగరం తీసి తన కొంగున ముడి వేసుకుంది. కన్నీరు తుడుచుకొని కుంకుడు రసం చేత పట్టింది.

"ఇక ఎవరింటా తలంటు వద్దు. మీరు కళ్లు మూసుకోండి. నేను మూయను."