అవ్వ గది

మా ఆఫీసులో నాలుగో అంతస్తు చివరి గది పేరెత్తితే వాచ్‌మన్ కూడా మాట మార్చేసేవాడు. అర్ధరాత్రి అందులో వెలుగు కనిపిస్తుందట... ఆడగొంతు మూలుగుతుందట.

ఒకప్పుడు అక్కడ ‘అవ్వ’ ఉండేది. అవ్వంటే మనిషి కాదండోయ్, పాత చవక ఫోను. మేం చేసే ఏ వెబ్‌సైటైనా ముందు అవ్వ మీద తెరుచుకోవాలి, ఆ తర్వాతే జనంలోకి. మా పాత మేనేజరు పెట్టిన నియమం అది. ఆయన రిటైరయ్యాక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల పేజీ మా డిజైనర్ చేతికొచ్చింది. కదిలే బొమ్మలు, వీడియో, ఎవరెక్కడ నొక్కారో కనిపెట్టే సరంజామా... అన్నీ కుక్కాడు. ఆ పేజీ తెరవలేక అవ్వ గుడ్లు తేలేసింది.

“ముసల్దానికి చాదస్తం!” అంటూ దాన్ని ఆ గదిలోనే ఓ సొరుగులో పడేసి, సొరుగుకి తాళం వేశాడు. మేమూ నవ్వాం, అబద్ధమెందుకు.

ఆ తర్వాతే గదికి చెడ్డపేరొచ్చింది.

ఇక మా డిజైనర్ చెప్పిందే చెబుతున్నా. ఓ రాత్రి పన్నెండు కావస్తుండగా, మర్చిపోయిన ఛార్జర్ కోసం ఒక్కడే పైకెళ్లాడు. వరండాలో లైటు లేదు. గది తలుపు ఓరగా ఉంది... లోపల నీలం వెలుగు.

“రావే...” గుసగుస. “నీ కాళ్లు మొక్కుతా... ఈ ఒక్క రాత్రికైనా రావే...”

వాడికి ముచ్చెమటలు పోశాయి. సొరుగు గుర్తొచ్చింది. వెనక్కి తిరగబోయాడు. చెయ్యి తగిలి తలుపు కిర్రుమంది — చీకట్లో ఓ మొహం ఇటు తిరిగింది!

“అమ్మో! ఎవరూ?” ముందు అరిచింది ఆ మొహమే.

మా అంతస్తు ఊడ్చే అక్క. చేతిలో ఫోను... అచ్చం అవ్వలాంటిదే.

“ఎవరికీ చెప్పకండి బాబూ. ఇక్కడ వైఫై బాగా వస్తుంది. ఇంట్లో అయితే ఈ ఆసుపత్రి పేజీ ఒక్కటే నా డేటా అంతా మింగేస్తోంది. కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ టైములు రోజూ రాత్రి పన్నెండింటికి ఇందులో పెడతారు. ఇది వచ్చేసరికి అయిపోతాయి. నెలన్నరగా ఇదే వరస. మా ఆయనకి ఎడమ కన్ను పోయింది... రెండోదైనా...”

తెర మీద చక్రం తిరుగుతోంది... ఇంకా తిరుగుతోంది. పన్నెండు దాటి నాలుగు నిమిషాలకి పేజీ వచ్చింది. వాడు ముచ్చటపడి పెట్టిన డాక్టరు బొమ్మ నవ్వుతూ చెయ్యూపింది. కింద — ‘ఖాళీలు లేవు.’

“ఇది చేసినోళ్లు మీకు తెలుసా బాబూ?”

“తెలీదక్కా,” అన్నాడట.

పొద్దున నేనెళ్లేసరికి వాడు సొరుగు తాళం పగలగొడుతున్నాడు. అవ్వకి ఛార్జింగ్ పెట్టి, బొమ్మలన్నీ పీకేశాం. సాయంత్రానికి పేజీ రెండు సెకన్లలో వచ్చింది. ఆ రాత్రే అక్కకి టైము దొరికింది.

వారం తర్వాత ఊడుస్తూ తనే చెప్పింది. “నెల ముందు తీసుకొస్తే ఆ రెండో కన్ను నిలబడేదన్నాడు డాక్టరు.”

మేమిద్దరం తలెత్తలేదు. చీపురు మా కుర్చీల దగ్గర ఆగింది.

“కాళ్లెత్తండి బాబూ,” అంది.

ఎత్తాం.