సదరు ఎవరండీ?

"సదరు ఎవరండీ?"

లైబ్రరీ పైహాల్లో ఉన్న నలభై మందీ ఒక్కసారిగా నవ్వారు. మైకు పట్టుకున్న లాయరు కూడా నవ్వాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అడిగిన టైలరమ్మాయి కూర్చోలేదు. "నవ్వడం అయ్యాకే చెప్పండి. నా దగ్గరున్న కాగితంలో ఈ సదరు తొమ్మిది చోట్ల ఉన్నాడు. మా షాపుకి మాత్రం ఎప్పుడూ రాలేదు."

"సదరు అంటే మనిషి కాదండీ. పైన చెప్పిన అని అర్థం. అయినా డాక్యుమెంట్ల సంగతి మూడో క్లాసులో వస్తుంది. ఈరోజు టాపిక్ చట్టం, దాని పుట్టుపూర్వోత్తరాలు."

"మూడో క్లాసు ఎప్పుడు?"

"వచ్చే నెల."

"నేను సంతకం పెట్టాల్సింది రేపు పొద్దున!" ఆమె గొంతు పెరిగింది. "బయట బోర్డు మీద ఏం రాశారు? చిన్న వ్యాపారులకు ఉచిత న్యాయ అవగాహన అని. షాపు మూసుకుని వచ్చాను. ఈ ఇస్త్రీ పెద్దమ్మ కాలుతున్న పెట్టె పక్కన పెట్టి వచ్చింది. గంట నుంచి మీరు చెప్పినదాంట్లో మాకు అర్థమైంది 'అందరికీ నమస్కారం' ఒక్కటే."

హాలు ఈసారి ఇంకా గట్టిగా నవ్వింది. లాయరు నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

క్లాసు అయ్యేసరికి వాన పట్టుకుంది. మెట్ల కింద ఆగిన ఆమె దగ్గరికి అతను గబగబా దిగి వచ్చాడు.

"ఆ కాగితం చూపిస్తారా?"

"మూడో క్లాసులో చూపిస్తా."

"కోపం తర్వాత పడండి. ముందు చూపించండి."

ఇచ్చింది. "పైకప్పు రిపేరుకి ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి, అంతే అన్నాడు మా ఓనరు. మొదటి లైన్లో రిపేరు అని ఉంది కూడా."

అతను నిలబడే చదివాడు. ముఖం మారిపోయింది. "రిపేరు మొదటి లైన్లోనే ఉంది. ఆరో లైన్లో మీరు సదరు గదిని ఇష్టపూర్వకంగా నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు. ఏడో లైన్లో, మళ్లీ అడగనని ఒప్పుకుంటున్నారు."

"సదరు గది అంటే... మా గదా?"

"మీ గదే."

పద్నాలుగేళ్ల గది. నాన్న వదిలివెళ్లిన మిషను, కిటికీ వెలుగులో కూర్చుని కాజాలు కుట్టే అమ్మ, ఇద్దరి తిండీ అందులోనే.

"మా గది అని రాస్తే చెయ్యి విరుగుతుందా? నాలుగుసార్లు చదివానండీ! చదువు రాక కాదు. చదివినా తెలియకూడదనే ఇలా రాయించాడు. ఇందాక గంటసేపు మీరు మాట్లాడిందీ ఈ భాషే."

"ఆయన రాయించింది మోసం చేయడానికి. నేను మాట్లాడింది..."

"ఊఁ, దేనికి?"

"తెలివైనవాడిలా కనిపించడానికి."

ఆమెకి నవ్వొచ్చింది. కానీ కోపం ఇంకా చాలా మిగిలి ఉంది కాబట్టి నవ్వలేదు.

"సంతకం పెట్టకపోతే ఏం చేస్తాడు?"

"బలవంతంగా పెట్టించే హక్కు ఆయనకి లేదు. రెండు మాటలు చెప్పండి చాలు. చదువుకోడానికి టైమ్ కావాలి. మామూలు మాటల్లో రాసివ్వండి."

"ఇదిగో, ఇది అర్థమైంది," అంది ఆమె.

మర్నాడు ఓనరు కంటే ముందే లాయరు షాపులో ఉన్నాడు. పొడుగు తగ్గించమని చేతిలో ఒక కొత్త ప్యాంటు.

"మీరు నోరెత్తకండి," అని స్టూలు వేసిందామె.

ఓనరు పెన్ను తీస్తూనే వచ్చాడు. "ఏమ్మా, పెట్టేశావా?"

"చదివానండీ. కప్పు బాగుచేయడానికి మేం మొత్తానికే పోవడమెందుకు?"

"అదంతా ఫార్మాలిటీ. ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ లీగల్ గొడవలు?"

"ఆడపిల్లకి గొడవ వద్దు, సంతకం మాత్రం కావాలా?" కత్తెర బల్ల మీద ఠప్పున పెట్టింది. "రిపేరయ్యాక ఇదే గదిలోకి మళ్లీ వస్తామని మామూలు మాటల్లో రాసివ్వండి. అప్పుడు పెడతా. అదైనా చదువుకోడానికి టైమ్ తీసుకుని."

గుమ్మంలో ఇస్త్రీ పెద్దమ్మ, చెప్పుల షాపు బాబాయ్, ఇంకో నలుగురు చేరారు. ఓనరు చూపు స్టూలు మీద పడింది. "ఈయనెవరు?"

"సదరు," అంది అమ్మ, కాజా మీంచి తల ఎత్తకుండా.

మూడు రోజులకి కొత్త కాగితం వచ్చింది. నాలుగే లైన్లు. ఆఖరి లైన్లో, గది మళ్లీ మీకే.

కప్పు పని అయ్యేదాకా ఇస్త్రీ పెద్దమ్మ షాపు పక్కనే మిషను వేసుకున్నారు. లాయరు రోజూ క్లాసు కాగితాలు తెచ్చేవాడు. ఆమె మార్కింగ్ చాక్‌తో గీతలు గీసేది. "ఇక్కడ లూజు. ఇది కత్తిరించండి. ఇందుమూలముగా అంటే మూల ఎక్కడ?"

"ప్యాంటు అయిందా?" అని అతను అడిగేవాడు.

"ఇంకా లేదు."

మూడో క్లాసు ముందుకు జరిగింది. తొంభై మంది వచ్చారు. మైకు ఎక్కువసేపు పెద్దమ్మ దగ్గరే ఉంది.

సొంత గదికి తిరిగొచ్చిన రోజు మళ్లీ వాన. లాయరు ఒక మడత కాగితం బల్ల మీద పెట్టాడు. ఆమె పైకి చదివింది. "సదరు టైలరు పట్ల సదరు లాయరుకు గల అనురాగమును ఇందుమూలముగా..."

ఆగిపోయింది. ముఖం జేవురించింది. "మళ్లీ ఇదా!"

"సరదాకి..."

"ఈ మాటలే మా గది ఊడగొట్టబోయాయి. మీకు సరదానా?"

అతను ఆ కాగితం చింపేశాడు. చాక్ తీసుకుని, బల్ల మీద పరిచి ఉన్న ముదురు నీలం గుడ్డ పీలిక మీద రాశాడు.

మీరంటే నాకిష్టం.
పెళ్లి చేసుకుందామా?

ఆమె నాలుగుసార్లు చదివింది. "చదువుకోడానికి టైమ్ కావాలి."

"ఎంత?"

"ముందు ఆయన ప్యాంటు ఇచ్చేయవే," అంది అమ్మ కిటికీ దగ్గర్నుంచి. "రెండో రోజే కుట్టేసి, ఇన్నాళ్లూ డ్రాయరులో దాచావు."

"అమ్మా!"

ఈసారి ఎర్రబడ్డవి ఆమె చెవులు. అతనికేసి చూడకుండా అడిగింది. "ఆరో లైను ఏమీ లేదుగా?"

"ఉన్నవి రెండే."

బయట వాన దంచేస్తోంది. కొత్త కప్పు నుంచి ఒక్క చుక్క పడలేదు. ఆమె అతని చేతిలోంచి చాక్ తీసుకుంది. ఇంకోసారి మొదటి నుంచి చదువుకుంది. కింద సంతకం పెట్టింది.